తొలివెలుగు సంతానం

ప్రవేశిక

శాస్త్ర విషయాలను తెలుగులో చదివి గ్రహించడం, గ్రహించినదాన్ని తెలుగులో చెప్పగలగడం భాషాధ్యయనంలో ఒక భాగం. ఒక చిన్న మంచినీటి చేప సంతానోత్పత్తి విధానాన్ని ఈ పాఠం వివరిస్తుంది. ఆ చేప జీవితానికీ మనిషి జీవితానికీ, మన ఏళ్ళకూ చెరువులకూ ఉన్న సంబంధాన్ని గుర్తించడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

పాఠ్యభాగం

తిరుపతికి ఆగ్నేయ దిశలో, పిచ్చాటూరుకు చేరువలో నాగలాపురం ఉంది. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాదేవి పేర నిలిపిన ఊరు ఇదని ప్రసిద్ధి. అక్కడి వేదనారాయణస్వామి ఆలయంలో మూలమూర్తి నడుము వరకు విష్ణురూపం. నడుము కిందిభాగం మత్స్యరూపం. సోమకాసురుడు అపహరించిన వేదాలను మత్స్యావతారుడైన విష్ణువు తిరిగి తెచ్చిన గాథకు ఆ ఆలయం ప్రతీక. ఏటా ఫాల్గుణమాసంలో మూడు రోజులు సాయంకాలపు సూర్యకిరణాలు గర్భగుడిలో ప్రవేశించి, స్వామి పాదాల నుంచి క్రమంగా శిరస్సు వరకు ప్రసరిస్తాయి. ఆ మత్స్యమూర్తిపై వెలుగు పడే ఘడియ కోసం భక్తులు ఎదురుచూస్తారు.

మత్స్యావతార కథను భాగవతం అష్టమ స్కంధం వర్ణిస్తుంది. సత్యవ్రతుడనే రాజు కృతమాలా నదిలో జలతర్పణం చేస్తుండగా అతని దోసిలిలోకి ఒక చేపపిల్ల వచ్చింది. పెద్ద చేపలు తనను మింగివేస్తాయని, నీటిలో వదలవద్దని వేడుకొంది. రాజు దానిని కమండలువులో ఉంచాడు. అది పెరిగిన కొద్దీ మడుగుకు, సరస్సుకు, చివరకు సముద్రానికి చేర్చాడు. బలమైన చేప బలహీనమైన చేపను తింటుందన్న లోకజ్ఞానం ఆ కథకు పునాది. చిన్న ప్రాణికి ఆశ్రయం ఇవ్వడం రాజధర్మమన్న భావన ఆ పునాది మీద లేచిన కట్టడం.

ఈ పాఠంలోని చేప అలా పెరిగి సముద్రాన్ని నింపేది కాదు. ఎంత పెరిగినా దాని పొడవు మూడు, నాలుగు సెంటీమీటర్లు మాత్రమే. దోసిలిలో పదింటిని సుఖంగా ఉంచవచ్చు. వెండిరంగు మేనిపై తల నుంచి తోక వరకు నీలిచారలు సాగి ఉంటాయి. ఆ చారల వల్లనే దీనికి జీబ్రా చేప అనే పేరు వచ్చింది. అలంకారం కోసం ఇళ్ళలో, దుకాణాలలో గాజుతొట్టెల్లో పెంచే చేపలలో ఇది ఒకటి. ఇది విదేశాల నుంచి వచ్చిన చేప అని చాలామంది అనుకొంటారు. నిజానికి దీని పుట్టినిల్లు మన ఉపఖండమే. గంగా, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాలలో ఇది విస్తారంగా ఉంది. గోదావరి, పెన్నా, కావేరి పరీవాహక ప్రాంతాలలోనూ అక్కడక్కడ నమోదయింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగంలో ప్రవహించే పింఛ, బాహుదా నదులు కలిసి చెయ్యేరుగా మారి పెన్నలో సంగమిస్తాయి. కనుక ఈ చేప కథ మనకు పరాయిది కాదు.

దీనిని తొలిసారిగా శాస్త్రీయంగా వర్ణించినవాడు ఫ్రాన్సిస్ బుకానన్. తరువాతి కాలంలో ఆయన హామిల్టన్ అనే పేరును కూడా స్వీకరించాడు. స్కాట్లండుకు చెందిన ఈ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. టిప్పుసుల్తాను మరణం తరువాత, 1800లో గవర్నరు జనరల్ వెల్లస్లీ ఆదేశంపై మద్రాసు నుంచి మైసూరు వైపు బయలుదేరి, దారి పొడవునా పంటలను, చెరువులను, వృత్తులను పరిశీలించి గ్రంథస్థం చేశాడు. ఆ ప్రయాణంలో ఆయన వేలూరు దాటి, కనుమ ఎక్కి, చిత్తూరు సీమలోని వెంకటగిరికోట మీదుగా బెంగుళూరు చేరాడు. తరువాత బెంగాలు ప్రాంతంలో పనిచేస్తూ చేపలను సేకరించాడు. గంగానది, దాని శాఖలలోని చేపలను గురించి ఆయన రాసిన గ్రంథం 1822లో వెలువడింది. జీబ్రా చేప అందులోనే శాస్త్రలోకానికి పరిచయమయింది. దాని శాస్త్రీయ నామం డానియో రెరియో. 'డానియో' అనే మాటకు బంగ్లాభాషలోని 'ధానీ' అనే పదం మూలమని, వరిపొలానికి చెందినదని దాని అర్థమని చెబుతారు. మన 'ధాన్యం' కూడా ఆ కుదురులోని మాటే. వరిమడిలో నిలిచిన నీటిని ఇల్లుగా చేసుకొన్న చేపకు అంతకంటె తగిన పేరు దొరకదు.

ఆడ చేపను, మగ చేపను గుర్తుపట్టడం అభ్యాసం ఉన్నవారికి కష్టం కాదు. మగ చేప సన్నగా, సూటిగా ఉంటుంది. దాని మేనిపై పసిడి ఛాయ కనిపిస్తుంది. ఆడ చేప పొట్ట గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. వెండిచారలు పసుపుకు బదులు తెలుపు, నీలం కలిసిన కాంతితో మెరుస్తాయి. పుట్టిన మూడు నెలలకు ఇవి సంతానోత్పత్తికి సిద్ధమవుతాయి. ప్రకృతిలో వీటికి వర్షర్తువు ప్రధానమైన కాలం. వానలకు ఏరు పొంగి పక్కనున్న పల్లాలలో నిలిచిన లోతు తక్కువ నీటిలోకి, నీటిమొక్కల మధ్యకు ఇవి చేరుతాయి. మేత, వెచ్చదనం సమకూరిన గాజుతొట్టెలో సంవత్సరమంతా గుడ్లు పెట్టగలవు.

ఈ చేపల సంతానోత్పత్తిలో కాలనియమం ఆశ్చర్యం కలిగిస్తుంది. అవి గుడ్లు పెట్టేది తెల్లవారుజామున. మగ చేపలు నీటిలోకి విడుదల చేసే కొన్ని రసాయనాలు ఆడ చేప శరీరంలో అండాలు పక్వమై విడుదల కావడానికి ప్రేరణనిస్తాయి. అలాగే ఆడ చేప విడిచే రసాయనాలు మగ చేపలను ఆకర్షిస్తాయి. ఈ రసాయన సందేశాలను ఫెరోమోనులు అంటారు. రాత్రి చీకటిలో ఈ సన్నాహమంతా జరుగుతుంది. సూర్యోదయం కాగానే, తొలివెలుగు నీటిని తాకిన కొద్ది నిమిషాలలో, మగ చేప ఆడ చేప వెంటపడుతుంది. దాని పక్కను ముట్టెతో తాకుతుంది, చుట్టూ తిరుగుతుంది, నేలకు దగ్గరగా దానితో సమాంతరంగా ఈదుతూ శరీరాన్ని కంపింపజేస్తుంది. అప్పుడు ఆడ చేప కొన్ని గుడ్లను, మగ చేప శుక్రకణాలను ఒకేసారి నీటిలోకి వదులుతాయి. ఈ క్రియ మళ్ళీమళ్ళీ జరుగుతుంది. ఒక ఉదయం ఒక ఆడ చేప వందకు పైగా గుడ్లు పెట్టగలదు. ప్రయోగశాలల్లో ఈ రహస్యం తెలిసినవారు సాయంత్రమే ఆడ, మగ చేపలను మధ్యలో ఒక అడ్డుపెట్టి ఉంచుతారు. ఉదయం దీపం వెలిగించి అడ్డు తీసివేస్తారు. చేపకు దీపమే సూర్యుడవుతుంది.

ఫలదీకరణం తల్లి శరీరం వెలుపల, నీటిలో జరుగుతుంది కాబట్టి దీనిని బాహ్య ఫలదీకరణం అంటారు. ఇక్కడ సమయం అత్యల్పం. శుక్రకణాలు మగ చేప శరీరంలో నిశ్చలంగా ఉంటాయి. పలుచని మంచినీరు తగలగానే వాటిలో చలనం మొదలవుతుంది. ఆ చలనం ఒకటి రెండు నిమిషాలకు మించి నిలవదు. అండం పైపొరలో శుక్రకణం ప్రవేశించడానికి ఒకే ఒక సూక్ష్మరంధ్రం ఉంటుంది. దీనిని అండద్వారం అంటారు. నీరు తగిలిన అండం కూడా ఉబ్బి, ఆ ద్వారాన్ని త్వరలోనే మూసివేస్తుంది. అంటే ఒక నిమిషం ఆలస్యమైనా కలయిక వ్యర్థమవుతుంది. ఆడ, మగ చేపలు పక్కపక్కనే ఒకే క్షణంలో అండాలను, శుక్రకణాలను వదలడానికి కారణం ఇదే. చూపరులకు ఆటలా కనిపించే ఆ పరుగు నిజానికి కాలంతో పందెం.

ఫలదీకరణం చెందిన గుడ్డు మిల్లీమీటరు పరిమాణంలో, గాజుపూసలా పారదర్శకంగా ఉంటుంది. అది నీటిలో తేలదు, ఆకులకు అంటుకోదు. అడుగుకు చేరి గులకరాళ్ళ సందులలో నిలుస్తుంది. సుమారు 28 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో ముప్పావుగంటకు సంయుక్తబీజం రెండు కణాలవుతుంది. ఆ తరువాత దాదాపు పావుగంటకొకసారి కణాలు రెట్టింపవుతూ పోతాయి. పది గంటలకు పిండానికి తల దిక్కు, తోక దిక్కు ఏర్పడతాయి. ఒక పగలు, ఒక రాత్రి గడిచేసరికి కళ్ళు, తోక రూపుదిద్దుకొంటాయి. గుండె కొట్టుకోవడం ఆరంభిస్తుంది. రెండు, మూడు రోజులలో పిల్ల గుడ్డును చీల్చుకొని వెలుపలికి వస్తుంది. తల్లి ఇచ్చిన పచ్చసొనే దానికి మొదటి ఆహారం. అయిదో రోజుకు వాయుతిత్తి గాలితో నిండి, పిల్ల స్వతంత్రంగా ఈదుతూ మేత వెదుకుతుంది. తల్లిగర్భంలో నెలల తరబడి కంటికి కనిపించకుండా సాగే నిర్మాణం ఇక్కడ మూడు రోజులలో, సాధారణ సూక్ష్మదర్శిని కింద, ప్రాణమున్న పిండంలోనే ప్రత్యక్షంగా కనిపిస్తుంది.

అయితే ఈ తల్లిదండ్రులకు సంతానంపై మమకారం లేదు. గుడ్లు పెట్టిన మరుక్షణమే అవి వెనుదిరిగి వాటిని తినడం మొదలుపెడతాయి. సత్యవ్రతుని దోసిలిలోని చేపపిల్ల పెద్ద చేపలకు భయపడింది. జీబ్రా చేప గుడ్డుకు కన్నవారే భయం. దానికి కాపుదల తల్లి ఒడిలో లేదు, ఏటి అడుగున ఉంది. గులకరాళ్ళ సందు ఒక్కటే దానికి రక్ష. అందుకే ఆడ చేపలు మెత్తని బురద ఉన్న చోటుకంటె గులకరాళ్ళు ఉన్న చోటును ఎంచుకొంటాయని పరిశోధనలు తెలుపుతున్నాయి. రాళ్ళ సందుల్లో గుడ్లకు రక్షణతో పాటు ప్రాణవాయువున్న నీరూ అందుతుంది. తొట్టెలో పెంచేవారు అడుగున గోళీలు పరచడం, వలతెర అమర్చడం ఈ కారణంగానే. చెరువులలో దోమలపై ప్రయోగించే గంబూసియా చేపది మరొక మార్గం. 1928లో మన దేశానికి తెచ్చిన ఆ చేప గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. దోమపిల్లలను అది తింటుంది నిజమే. కానీ స్థానిక చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటుంది. దోమపిల్లలను తినే స్వభావం మన చిన్న చేపలలో అనేకానికి ఉంది. ఏ నీటిలో ఏ చేపను వదలాలో నిర్ణయించేటప్పుడు ఈ రెండు విషయాలనూ తూచి చూడాలి.

జీబ్రా చేపలో మరొక విశేషం లింగనిర్ణయం. పిల్లదశలో అన్నింటిలోనూ మొదట అండాశయాన్ని పోలిన అవయవమే ఏర్పడుతుంది. మూడు, నాలుగు వారాల తరువాత కొన్నింటిలో అందులోని అండకణాలు నశించి, ఆ అవయవం వృషణంగా మారుతుంది. అవి మగ చేపలవుతాయి. మిగిలినవి ఆడ చేపలుగా పెరుగుతాయి. ఈ మలుపును జన్యువులు నడిపిస్తాయి. పరిసరాలూ ప్రభావితం చేస్తాయి. మేత తగ్గినా, నీటిలో ప్రాణవాయువు తగ్గినా, చేపలు కిక్కిరిసినా, వేడిమి మితిమీరినా మగ చేపల సంఖ్య పెరుగుతుందని ప్రయోగాలలో తేలింది. గుడ్లు పెట్టే ఆడ చేపలు తగ్గితే తరువాతి తరం తగ్గుతుంది. ఎండిపోతున్న మడుగులో ఈ నాలుగు కష్టాలూ ఒక్కసారిగా వచ్చిపడతాయి.

ఇంత చిన్న చేప గురించి ఇంత తెలుసుకోవడం మనిషికి ఎందుకు? అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు జార్జి స్ట్రైసింగర్ 1981లో ఈ చేపపై చేసిన జన్యుప్రయోగాలను ప్రకటించినప్పటి నుంచి దీని ప్రాధాన్యం పెరిగింది. 2013లో దీని జన్యుపటం ప్రచురితమయింది. మనిషి జన్యువులలో సుమారు 70 శాతానికి సాటివచ్చే జన్యువులు ఈ చేపలో ఉన్నాయని అప్పుడు తేలింది. నేడు హైదరాబాదులోని సీసీఎంబీతో సహా ఎన్నో పరిశోధనాలయాలు దీనిని పెంచుతున్నాయి.

ఒక్క ఉదాహరణ చాలు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మందు అమ్మకానికి వచ్చింది. గర్భిణులకు కలిగే వేవిళ్ళకు కూడా దానిని వాడారు. దాని ఫలితంగా అనేక దేశాలలో పదివేలకు పైగా శిశువులు చేతులు, కాళ్ళు సరిగా ఎదగని స్థితిలో పుట్టారు. 1961 చివర జర్మనీలో ఆ మందును ఉపసంహరించారు. కానీ అది పిండానికి ఎలా హాని చేసిందో అర్ధశతాబ్దం పాటు అంతుచిక్కలేదు. 2010లో జపాన్ శాస్త్రజ్ఞులు ఆ మందు 'సెరెబ్లాన్' అనే ప్రోటీనును పట్టుకొంటుందని కనుగొన్నారు. జీబ్రా చేప పిండాలలో వాజాలు ఎదగకపోవడానికీ ఆ ప్రోటీనుకూ ఉన్న సంబంధాన్ని పరీక్షించి నిర్ధారించారు. మన చేయి ఎదిగే తీరుకు చేప వాజం ఎదిగే తీరు సాక్ష్యం చెప్పింది. చేపకు హాని చేయనిదంతా మనిషికి మంచిదని చెప్పడానికి వీలులేదు. అయినా ఒక తల్లి కడుపులో జరగబోయే ప్రమాదాన్ని గాజుపూస వంటి గుడ్డులో ముందుగా చూడగలిగితే, ఆ గుడ్డు విలువ ఎంతో ఊహించవచ్చు.

ఈ చేప మరొక హెచ్చరిక కూడా చేసింది. గర్భనిరోధక మాత్రలలో వాడే కృత్రిమ స్త్రీ హార్మోను మురుగునీటితో పాటు నదులను చేరుతుంది. 2004లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, లీటరు నీటికి గ్రాములో వందకోట్లవ వంతులు అయిదు మాత్రమే కలిపి, ఆ నీటిలో జీబ్రా చేపలను తరం నుంచి తరానికి పెంచారు. మొదటి తరంలో సంతానోత్పత్తిపై ప్రభావం కనిపించలేదు. పుట్టినప్పటి నుంచి ఆ నీటిలోనే పెరిగిన రెండో తరంలో ఫలదీకరణమే జరగలేదు. అయినా ఆ మగ చేపలు ఉదయాన్నే యథావిధిగా ఆడ చేపలను వెంబడించాయి. ఆచారమంతా మిగిలింది, సంతానం మాత్రం కలగలేదు. పైకి తేటగా కనిపించే నీరు లోపల ఏమి మోస్తున్నదో కంటిచూపుతో చెప్పలేమని ఆ ప్రయోగం నిరూపించింది.

2014లో వెలువడిన పరిశోధన ఇంకా ఆలోచింపజేస్తుంది. ప్రకృతి నుంచి తెచ్చిన జీబ్రా చేపలలో ఆడతనాన్ని నిర్ణయించే క్రోమోజోము ఉన్నట్లు అందులో తేలింది. అయితే ప్రయోగశాలల్లో తరతరాలుగా పెంచిన ప్రసిద్ధ వంశాలలో అది లోపించింది. కంటికి రెప్పలా కాపాడిన తొట్టెల్లో పోయినది, ఎవరూ లెక్కపెట్టని ఏళ్ళలో, వరిమళ్ళలో నిలిచి ఉంది. చేపను గాజుతొట్టెలో పెంచినంత మాత్రాన దానిని రక్షించినట్లు కాదు. సత్యవ్రతుడు చేపను కమండలువులోనే ఉంచుకొని ఉంటే కథ అక్కడితో ఆగిపోయేది. దానికి తగిన నీటిని వెదకి చేర్చడమే అతడు చేసిన ధర్మం.

రాయలసీమ దక్షిణ భాగంలో ఏడాది పొడవునా పారే ఏళ్ళు అరుదు. వాన కురిస్తే స్వర్ణముఖి, చెయ్యేరు, అరణియారు పొంగుతాయి. వాన వెలిస్తే మడుగులు, చెరువులు మిగులుతాయి. చిన్న చేపల జీవితమంతా ఆ కొద్ది నెలల నీటిపై ఆధారపడి ఉంది. ఏటి అడుగున ఇసుకను, గులకరాళ్ళను తోడివేస్తే గుడ్డుకు చోటుండదు. మురుగు కలిస్తే గుడ్డుకు ప్రాణముండదు. చెరువుకు నీరు తెచ్చే కాలువ పూడిపోతే గుడ్డే ఉండదు. జీవావరణాన్ని కాపాడడమంటే పులులను, ఏనుగులను కాపాడడం మాత్రమే కాదు. రేపటి తొలివెలుగులో ఒక చిన్న చేప గుడ్డు పెట్టడానికి తేటనీటిని, నాలుగు గులకరాళ్ళను మిగల్చడం కూడా.

పదాలు – అర్థాలు

పరీవాహక ప్రాంతం – నదిలోకి నీరు చేరే భూభాగం
ఫలదీకరణం – అండం, శుక్రకణం కలయిక
సంయుక్తబీజం – ఫలదీకరణం వల్ల ఏర్పడే తొలి కణం
వాజం – చేప ఈదడానికి తోడ్పడే రెక్క
వాయుతిత్తి – చేపను నీటిలో తేల్చే గాలిసంచి
వేవిళ్ళు – గర్భారంభంలో కలిగే వికారం

సంధులు

సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశసంధి
జీవావరణం = జీవ + ఆవరణం – సవర్ణదీర్ఘసంధి
ప్రాణమున్న = ప్రాణము + ఉన్న – ఉత్వసంధి

సమాసాలు

తొలివెలుగు – తొలి అయిన వెలుగు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
తల్లిగర్భం – తల్లి యొక్క గర్భం – షష్ఠీ తత్పురుష సమాసం
తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
మూడు రోజులు – మూడు సంఖ్యగల రోజులు – ద్విగు సమాసం

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. జీబ్రా చేప సంతానోత్పత్తి విధానాన్ని వివరించండి.
2. ఏటి నీటికీ చిన్న చేపల మనుగడకూ ఉన్న సంబంధాన్ని పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

ఆ. లఘు సమాధాన ప్రశ్నలు
1. ఫ్రాన్సిస్ బుకానన్ గురించి రాయండి.
2. ఆడ చేపలు గులకరాళ్ళ చోటును ఎంచుకోవడానికి కారణాలేమిటి?
3. థాలిడోమైడ్ ఉదంతంలో జీబ్రా చేప చేసిన మేలు ఏమిటి?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మత్స్యావతార కథ భాగవతంలో ఏ స్కంధంలో ఉంది?
2. 'డానియో' అనే మాటకు మూలమని చెప్పే బంగ్లా పదం ఏది?
3. అండద్వారం అంటే ఏమిటి?
4. గంబూసియా చేపను మన దేశానికి ఏ సంవత్సరంలో తెచ్చారు?